నల్లయ్య తెల్లబోయిన రోజు

పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలకి వారం ముందు మాట. బెల్లు కొట్టాక ఇంగ్లీషు మాస్టారు గుమ్మం దగ్గర ఆగి, "రేపు మన నల్లయ్య తెల్లబోతాడురా" అని వెళ్లిపోయారు. మా క్లాసులో నల్లయ్య అనేవాడే లేడు. పక్క సెక్షన్‌లో కూడా వాకబు చేశాం. ఎవరికి మూడిందో తెలియక రాత్రంతా ఒకటే టెన్షన్.

మర్నాడు ఆయన వరసగా రెండు పీరియడ్లు బోర్డు మీద గ్రామర్ రాస్తూనే ఉన్నారు. సుద్దముక్కలు అరిగి, నల్లబోర్డు నిజంగానే తెల్లబోయింది. అప్పుడు వెలిగింది మాకు. మూలన మిగిలిన కాస్త చోటులో 'క్రిప్టికల్లీ' అని రాసి, "నిన్న నేను మాట్లాడింది ఇలా" అన్నారు.

గ్రీకులో 'క్రుప్టోస్' అంటే దాచినది అట. 1898లో దొరికిన క్రిప్టాన్ వాయువుకీ ఆ పేరు అందుకే పెట్టారని చెప్పారు. ఏ సంగతీ తేల్చకుండా మాట్లాడితే అది 'వేగ్లీ'. విషయం పక్కాగా ఉండి, దాన్ని కావాలని కప్పి, కొస మాత్రం చేతికి ఇస్తే క్రిప్టికల్లీ. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు" అని పొడుపుకథ వేసేవాడికి కనురెప్పలని తెలుసు కదా, అలాగ. నేను చెవికి వినిపించినట్టే 'క్రిప్టిక్' పక్కన ఎల్, వై తగిలించి పదిసార్లు ఇంపొజిషన్ రాశాను. 'ఐసీ'తో ముగిసే మాటలకి ఏ-ఎల్-ఎల్-వై చేరాలి. 'పబ్లిక్లీ' మాత్రం ఈ లెక్కకి లొంగదు. ఎందుకని అడిగితే, "దాన్నే అడుగు" అన్నారు.

తర్వాత పత్రికలో డెస్కు మీద చేరాను. ఏ నాయకుడైనా "చూస్తూ ఉండండి" అంటే చాలు, 'నర్మగర్భంగా వ్యాఖ్యానించారు' అని రాసేసేవాళ్లం. నర్మం అంటే పరిహాసం. చాలా వార్తల్లో గర్భం ఉండేది గానీ నర్మం ఉండేది కాదు. అలాంటి చోట నేను 'గూఢంగా' అని దిద్దేవాణ్ణి. మాస్టారి మాటకైతే నర్మగర్భమే సరి.

మొన్న సంచిక పనిమీద బడికి వెళ్తే ఆ గదిలో తెల్లబోర్డు బిగించి ఉంది. "నల్లయ్యని ఎక్కడికి పంపించారు?" అని అటెండర్‌ని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆ పేరుతో ఇక్కడెవరూ పనిచెయ్యలేదు సార్" అన్నాడు.