దేవరకొండ పరుపుబండ మీద

దేవరకొండ బస్టాండులో దిగేసరికి తొమ్మిదిన్నర. పాలమూరు (మహబూబ్‌నగర్) పోవడానికి నేను ఎక్కాల్సిన కల్వకుర్తి బస్సు అప్పుడే వెళ్లిపోయిందట, మళ్లీ పదకొండున్నరకే అన్నారు. నల్లగొండలో ఎక్కేటప్పుడు కండక్టర్‌ని అడిగాను కూడా. "దొరుకుతది లే అమ్మా" అన్నాడు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇచ్చారు కాబట్టి పైసలు పోలేదు గానీ రెండు గంటలు పోయాయి. పాలమూరులో అక్కకు కంటి ఆపరేషన్ అయింది, మధ్యాహ్నం భోజనానికల్లా వస్తానని చెప్పి బయల్దేరాను. ఆ బస్టాండులో జూలై ఉక్కపోతకు కూర్చోలేక ఖిల్లా అయినా చూసొద్దామని ఆటో అడిగాను. ఊరి పక్కనే ఉన్న గుట్టకు రానుపోను 200, ఆగితే ఇంకో వంద అన్నాడు. నల్లగొండలో ఈ దూరానికి ఇరవై రూపాయలకు షేర్ ఆటో ఎక్కుతాం. బేరమాడినా దిగలేదు.

రేచర్ల పద్మనాయక రాజుల కోట అది. పైదాకా ఎక్కే ఓపిక, టైమ్ రెండూ లేవు. మొదటి దర్వాజా దాటగానే పక్కన ఒక పరుపుబండ కనిపించింది. నా రెండు గంటలూ దాని మీదే గడిచిపోయాయి.

ఎందుకో చెప్పాలి. పోయిన ఏడాది వసంతంలో అమెరికాలోని డెన్వర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఏప్రిల్ మొదట్లో ఇంకా మంచు పడుతోంది. నెలాఖరుకు వాళ్ల వీధిలో ఇళ్ల ముందు రాళ్ల మధ్య జానెడు ఎత్తు కూడా లేని మొక్కలు విరగబూశాయి. ఆకు కనబడదు, అంతా గులాబీ రంగు. మాస్ ఫ్లాక్స్ అంటారట, నాచులాగా రాళ్ల మీదికి పాకుతుంది కాబట్టి ఆ పేరు. ఒక్కో పువ్వుకు అయిదు రేకులు, ప్రతి రేకు కొసన చిన్న నొక్కు. ఒకసారి నాటితే ఏటేటా అదే పూస్తుంది. అక్కడి బొటానిక్ గార్డెన్‌కూ తీసుకెళ్లింది. 1980ల నుంచి ప్రత్యేకంగా పెంచుతున్న రాతి తోట ఉంది అందులో. పాస్క్ ఫ్లవర్ అని ఒకటి, ఒళ్లంతా వెండి నూగు, మంచు కరగ్గానే లేత ఊదా పూలు పూస్తుంది. నేను దాని పక్కన గట్టు మీద కూర్చుని లేవలేదు. తోటలో పనిచేసే ఒకావిడ మా అమ్మాయితో చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది: ఈ మొక్కలు చలికి చావవు, మెడ దగ్గర, అంటే కాడ వేరుతో కలిసే చోట, నీళ్లు నిలిస్తే చస్తాయి.

ఇంటికి రాగానే నల్లగొండలో పెరట్లో రాతి తోట మొదలుపెట్టాను. మన దగ్గర రాళ్లకేం కొదవ అనుకుంటే, ట్రాక్టర్ ట్రిప్పు 4 వేలు. మేస్త్రీ వాటిని అందంగా పేర్చి, కదలకుండా సందుల్లో సిమెంటు మెత్తి ఇచ్చాడు. పైన ఎర్రమట్టి, పెంట ఎరువు పోశాను. మాస్ ఫ్లాక్స్ విత్తనాలని ఆన్‌లైన్‌లో 350 పెట్టి ఒక ప్యాకెట్టు తెప్పించాను. మొలిచినవి చలికాలంలో అందరూ కుండీల్లో పెంచుకునే మామూలు ఫ్లాక్స్. నిటారుగా పెరిగి, పూసి, మార్చి ఎండకు వాడిపోయాయి. అసలు మాస్ ఫ్లాక్స్‌ని ఎక్కువగా కొమ్మ నాటో, దుబ్బు విడదీసో పెంచుతారని తర్వాత తెలిసింది. అది వచ్చినా మన దగ్గర దానికి కావలసిన చలి ఎక్కడిది! ఈ బాధ నన్ను ఏడాదిగా వదల్లేదు. డెన్వర్‌లో ఏడాదికి పడే వాన మన దగ్గర పడేదాంట్లో సగమే. అంత తక్కువ నీళ్లతో అక్కడ పూస్తుంటే మా పెరట్లో ఎందుకు చస్తున్నాయని ఒకటే ఆలోచన.

ఇప్పుడు ఈ బండ. మధ్యలో బొటనవేలంత వెడల్పు చీలిక, ఈ చివర నుంచి ఆ చివరకు. అందులో బండే అరిగి రాలిన గరుకు ఇసుక. ఆ చీలిక పొడుగునా విష్ణుక్రాంత పూసి ఉంది. పువ్వు చిటికెన వేలి గోరంత ఉంటుందేమో, రంగు మాత్రం ముదురు నీలం. ఆకుల మీద పట్టులాంటి నూగు, ఆ పాస్క్ ఫ్లవర్ మీద చూసిన నూగే గుర్తొచ్చింది. కొమ్మలు పైకి లేవలేదు, బండనే పట్టుకుని పరుచుకున్నాయి. పక్కనే సన్న గంగవాయిలి కూర, పదిన్నరకు ఎండ కాస్త గట్టిపడగానే దాని పసుపు మొగ్గలు నా కళ్లముందే విచ్చుకున్నాయి. చీలికలో వేలు పెట్టి చూశాను. పైన పొడి ఇసుక, ఒక కణుపు లోపలికి పోతే చల్లగా తడి. బండ మొత్తం మీద పడిన వాన ఈ చీలికలోకే జారి లోతుకు దిగుతుంది, వేరు దాని వెంటే పోతుంది. మెడ దగ్గర మాత్రం చుక్క నిలవదు. అక్కడ ఆవిడ చెప్పింది ఇదే కదా!

ఇంకో సంగతి కూడా అక్కడే తట్టింది. ఇన్నాళ్లూ వసంతమంటే ఫాల్గుణమో చైత్రమో అనుకుని, ఆ నెలల్లో పూలు రావాలని ఎదురుచూశాను. ఫాల్గుణంలో మోదుగు పూస్తుంది, దాని వేరు అంత లోతున ఉంది మరి. జానెడు మొక్కకు ఆ ధీమా లేదు. డెన్వర్‌లో మొక్కలు మంచు కింద పడుకుంటే, మన బండ మీదివి రోహిణి కార్తె దాకా ఎండకు పడుకుంటాయి. మిర్గం (మృగశిర కార్తె) చినుకులకు లేస్తాయి. వీటికి వసంతం అదే.

"ఏం వెతుకుతున్నరమ్మా?" అంటూ ఆటో అబ్బాయి వచ్చాడు. చెప్పాను. వెయిటింగ్ సంగతే మర్చిపోయాడు. చిన్నప్పుడు ఈ గుట్టల్లోనే మేకలు కాశాడట. బండకు అవతలి వైపు ముళ్లకంప కిందికి తీసుకెళ్లి కుందేటి కొమ్ములు చూపించాడు. ఆకుల్లేని పచ్చటి కాడలు, వేలంత లావు, నాలుగు పలకలు. "ఉప్పు అద్దుకుని తినేటోళ్లం. ఇప్పుడు ఎక్కడ్నో ఒక్కటి కనవడ్తది" అన్నాడు. ఒక దుబ్బు పీకబోతే వద్దన్నాను. మేకలు తొక్కి విరిచిన రెండు ముక్కలు కింద పడి ఉన్నాయి, వాటినే కర్చీఫులో చుట్టి ఇచ్చాడు. "నాలుగు దినాలు ఆరనియ్యాలె, పచ్చిగ పెడితె మురుగుతది" అని రెండుసార్లు చెప్పాడు. 300 ఇచ్చాను, ఈసారి ఎక్కువనిపించలేదు.

పదకొండున్నర బస్సు పన్నెండుకు వచ్చింది. పాలమూరులో మూడు రోజులు అక్క కంట్లో చుక్కలు వేయడం, చుట్టాలకు టీలు పెట్టడంతో సరిపోయింది. అక్కడి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి కూడా చూడలేదు.

వచ్చిన మర్నాడే మేస్త్రీని పిలిచాను, పెట్టిన సిమెంటు ఎవరైనా పీకుతారా అని కోప్పడి వెళ్లిపోయాడు. ఉలి, సుత్తి తీసుకుని నేనే కూర్చున్నాను. రోజుకు మూరెడు పొడుగు కన్నా సాగడం లేదు. ఇప్పటికి రెండు రాళ్లు ఊడాయి. వాటిని మూడో వంతు నేలలోకి దించి, పడిన వాన వెనక్కి, సందులోకి జారేలా కొంచెం వాల్చి పెట్టాను. సందులో మట్టి, ఎరువు తీసేసి మొరం, సన్న కంకర నింపాను. కుందేటి కొమ్ముల ముక్కలు రెండూ అందులో ఉన్నాయి. ఒకటి కొస ఎండింది. రెండోదాన్ని పొద్దున మెల్లగా కదిపి చూస్తే రాలేదు, గట్టిగా పట్టుకునే ఉంది.