పంటి చీము, గుండె కవాటం, రెండు రకాల మందులు

చిన్ననాటి కీళ్ల జ్వరం నా గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేసింది. దాని స్థానంలో లోహపు కవాటం అమర్చినప్పటి నుంచి, దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఎసినోకౌమరాల్ మాత్ర వాడుతున్నాను. మాత్ర ప్రభావాన్ని ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్షతో కొలిచి, నాకు 2.5కూ 3.5కూ మధ్య ఉండేలా చూస్తారు; ఆ అంకె పెరిగితే రక్తస్రావం ముప్పు, తగ్గితే గడ్డకట్టే ముప్పు.

నిరుడు వేసవిలో దవడ పన్ను చీముపట్టి, చెంప వాచి, చలిజ్వరం వచ్చింది. పంటిలోని సూక్ష్మజీవులు రక్తంలో చేరి కృత్రిమ కవాటాన్ని పట్టుకుంటే ప్రాణాపాయం కనుక యాంటీబయాటిక్ తప్పదు. నేను రోజూ వేసుకునే మాత్ర సంగతి చెప్పినా, దంతవైద్యుడు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్‌లు, నొప్పికి డైక్లోఫెనాక్ రాశారు. కర్నూలు బి క్యాంపులో నాకు ఎప్పుడూ మందులిచ్చే ఫార్మసిస్టు ఆ చీటీ చూసి ఆగిపోయాడు. “అక్కా, మీరు రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు గదా! వీటిలో రెండు దానితో పడవు. గుండె డాక్టరును అడక్కుండా నేను ఇయ్యలేను” అన్నాడు. ఆ మాటకు ఈనాటికీ కృతజ్ఞురాలిని.

ఎసినోకౌమరాల్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును మెట్రోనిడజోల్ అడ్డుకుంటుందనీ, అప్పుడు పాత మోతాదే ఎక్కువై రక్తస్రావానికి దారితీస్తుందనీ, డైక్లోఫెనాక్ కడుపులో పుండు చేసి ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుందనీ గుండె వైద్యురాలు వివరించారు. యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే, రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం పంపించి, దంతవైద్యుడితో తానే మాట్లాడి, చీము తీయించి, అమాక్సిసిలిన్ ఒక్కటే ఉంచి, నొప్పికి పారాసెటమాల్ ఇచ్చారు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

అయినా కొన్ని రోజులకు చేసిన పరీక్షలో ఐఎన్‌ఆర్ నాలుగు దాటింది. నోరు తెరవలేక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు మానేసి గంజి మీదే ఉన్నాను. ఆకుకూరల ద్వారా అందే విటమిన్ కె తగ్గితే ఈ మాత్ర బలం పెరుగుతుంది, పైగా యాంటీబయాటిక్ కూడా దానికి తోడవుతుంది. ఇలాంటప్పుడు భయపడి మాత్రను సొంతంగా మానేస్తే కవాటం మీద గడ్డ ఏర్పడవచ్చు. అందుకే వైద్యురాలే మోతాదు కొద్దిగా తగ్గించి, మళ్లీ పరీక్ష చేయించారు.

కోర్సు ముగిసి, మామూలుగా తినసాగాక ఐఎన్‌ఆర్ దిగింది. మోతాదును తిరిగి పాత స్థాయికి తెచ్చారు. తరువాత ఆ పన్నును, ఎసినోకౌమరాల్ ఆపకుండానే, ముందుగా ఐఎన్‌ఆర్ చూసి, గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇచ్చి తీశారు. కుట్లు వేసిన చోట రక్తం త్వరగానే ఆగింది.