అట్ట మీద మొహం

పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. పొద్దుటి నుంచి ఆ పుస్తకం అట్టే కళ్ళముందు ఆడుతోంది, రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

చిన్నదానికి పరీక్షలయ్యాక కొంటానన్న టోల్కీన్ పిల్లల నవల ‘హాబిట్’ ఇవాళ వచ్చింది. ఈ పుస్తకం కోసం నేను ఎన్నాళ్ళో ఆగాను, దానికి కాస్త ఇంగ్లీషు పట్టుబడాలి, తొందరపెడితే జన్మలో ముట్టుకోదని. ఆర్డరు పెట్టినప్పుడు చూపించింది టోల్కీన్ 1937లో తన పుస్తకానికి తనే గీసుకున్న అట్ట. నీలం, ఆకుపచ్చ, నలుపు, అడవి వెనక మంచుకొండలు, ఓ పక్క సూర్యుడు, ఓ పక్క చంద్రుడు. పార్సిలు విప్పితే సినిమా పోస్టరు. అట్ట నిండా ఒకటే మొహం, చేతిలో కత్తి.

ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాటలు వినిపించాక ఓ అబ్బాయి హిందీలో మాట్లాడాడు. లోపల మేటర్ అదే కదా మేడమ్, అట్ట మారొచ్చని కింద రాసే ఉంటుంది చూడండి అన్నాడు. చూశాను, నిజంగానే ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. చిరిగిపోయి వస్తే మారుస్తారట, మొహం మారితే మార్చరట. చిరిగి వచ్చినా ఇంత బాధపడేదాన్ని కాదు, అది అతనికి ఎలా చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

మా ఆయన కూడా, “చదివేది లోపల కదా, అట్టతో నీకేం పని?” అన్నారు. మధ్యాహ్నం అన్నం తింటూ అన్న మాట, రాత్రి చపాతీలు చేసేటప్పుడు కూడా నాకు మండుతూనే ఉంది. అట్టతోనే పని. మొదటి పేజీ తిప్పకముందే ‘ఈ కథలో హీరో బిల్బో వీడే’ అని చెప్పేస్తే ఇక పిల్ల ఏం ఊహించుకుంటుంది?

నాకు జరిగింది కాబట్టే ఇంత పట్టుదల. బరంపురంలో చదువుకునేటప్పుడు టోల్కీన్‌దే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాలు ముందు చూసి, పుస్తకాలు తర్వాత పట్టుకున్నాను. అందులో హీరో ఫ్రోడో ఉంగరం పట్టుకుని ఇల్లు విడిచి బయల్దేరేటప్పటికి అతనికి యాభై ఏళ్ళని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం చదివాను, పెన్సిలుతో గీత కూడా గీశాను. అయినా ఆ మూడు సంపుటాలూ నాకు సినిమాలోని ఆ నీలికళ్ళ కుర్రాడే నడిచాడు. యాభై ఏళ్ళ మనిషి, ఇల్లు వాకిలి అమర్చుకుని స్థిరపడ్డవాడు, అన్నీ వదిలి లేచిపోవడం అంటే దాని బరువు వేరు కదా, అది నాకు అందనే లేదు. హ్యారీ పాటర్ సంగతీ అంతే. పుస్తకం పొడుగునా వాడివి ఆకుపచ్చ కళ్ళు, అచ్చం అమ్మ కళ్ళు అంటూనే ఉంటారు, కథంతా దాని మీద నడుస్తుంది. సినిమాలో ఆ పిల్లాడికి లెన్సులు పడలేదని నీలికళ్ళతోనే కానిచ్చేశారు. ఇప్పుడు ఎవరినైనా అడగండి, ఆకుపచ్చ అని ఎంతమందికి గుర్తుంటుందో.

టోల్కీనే ఒక వ్యాసంలో ఈ మాట చెప్పాడు. ఒకడు కొండెక్కి కింద లోయలో ఏరు చూశాడని కథలో ఉంటే, బొమ్మ వేసేవాడు ఒక్క కొండే వేయగలడు, కానీ వినేవాడు మాత్రం తను చూసిన కొండలన్నిటితో, ముఖ్యంగా మొట్టమొదట చూసిన కొండతో, తన కొండ తను కట్టుకుంటాడని. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. నా మొట్టమొదటి కొండ మహేంద్రగిరి, నా ఏరు వంశధార. ప్రపంచంలో ఏ కథలో కొండ వచ్చినా నాకు లోపల లేచేది మహేంద్రగిరే.

చిన్నబండి ఉండేది కదా, నౌపడా నుంచి గుణుపురం దాకా, 2004లో ఆపేసి పెద్ద లైను వేసిన రైలు. వేసవి సెలవుల్లో తాతతో ఆ బండిలో గుణుపురం వెళ్ళేదాన్ని. తొంభై కిలోమీటర్లకి పూట గడిచిపోయేది, ఆ పూటంతా తాత కథ చెప్పేవాడు, కాశీమజిలీల్లోవి సగం, సొంతంగా కల్పించినవి సగం. ఒకసారి మాంత్రికుడి కథ మొదలెట్టాడు. నాకు ఏడేళ్ళుంటాయి. “మాంత్రికుడంటే ఎలాగుంటాడు తాతా?” అని అడిగాను. తాత వెంటనే చెప్పలేదు, పెట్టెలో అటూ ఇటూ చూసి నా చెవిలో, “అదిగో, ఆ కిటికీ పక్కన చూడవే గుంటా, అచ్చం అలాగే” అన్నాడు.

కిటికీ పక్కన ఓ ముసలాయన, కాళ్ళ మధ్య చింతపండు గోనె పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమచెవి మీద సగం కాల్చి ఆర్పేసిన బీడీ. చింతపిక్కలు తీసీ తీసీ బొటనవేలి గోరు నల్లగా, కొంచెం చీలి ఉంది. ఆ గోరుతో కిటికీ చువ్వ మీద టకటక కొడుతున్నాడు. అంతే, నాకు కథ అర్థమైపోయింది. ఆ గోనెలో ఉన్నది చింతపండు కాదు, రాజకుమారి, చిలకగా మార్చి దాచాడు. గోరుతో కొట్టడం మంత్రం. కాశీనగర్‌లో ఆయన గోనె భుజానికెత్తుకుని దిగుతూ నా వైపు చూశాడు, నేను తాత కండువాలో తల దూర్చేశాను. బండి కదిలాక తలెత్తి చూస్తే ఆయన వంశధార వైపు నడుచుకుంటూ పోతున్నాడు, గుహ అటువైపే ఉందని నాకు అనుమానం లేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు నేను చదివిన ప్రతి కథలో మాంత్రికుడు ఆయనే.

ఆ తర్వాత ఓ ఆదివారం పక్కింటి టీవీలో ‘పాతాళభైరవి’ చూశాను. ఎస్వీ రంగారావు. ఇక చెప్పేదేముంది. ఆ కళ్ళూ, ఆ గడ్డం, ఆ నడక ముందు మా చింతపండు ఆయన ఎంతసేపు నిలబడతాడు? ఇప్పుడు కళ్ళు మూసుకుంటే బీడీ వస్తుంది, గోరు వస్తుంది, మొహం రాదు. మొహం దగ్గరికి వచ్చేసరికి రంగారావు కళ్ళు తెరుస్తాడు. పోయిన ఆ మొహం కోసం ఇప్పటికీ నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. పైనుంచి చదివితే అంతా సినిమా మీదే తోసేసినట్టుంది, అది న్యాయం కాదేమో. ఆ ఫ్రోడో సినిమాలకి రూపకల్పన చేసిన అలన్ లీ, జాన్ హౌ అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఆ పుస్తకాలకి బొమ్మలు వేసినవాళ్ళే. సినిమా లేని రోజుల్లో కూడా ఈ గొడవ ఉంది. హాబిట్ స్వీడిష్ అనువాదానికి 1962లో ఫిన్లండ్ చిత్రకారిణి తూవే యాన్సన్ బొమ్మలు వేస్తూ, అందులో గుహలో ఉండే గొల్లమ్‌ని రాక్షసుడంత పెద్దగా వేసింది. ఆమె తప్పేం లేదు, వాడి సైజు టోల్కీన్ ఆ పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు! తర్వాతి ముద్రణలో ఆయనే ‘చిన్న’ అన్న మాట చేర్చుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ ఫ్రోడో మూడో సినిమాలో కొండ తర్వాత కొండ మీద మంటలు వెలుగుతూ పోయే చోటు, పుస్తకంలో గుర్రం మీద పోతూ చూసి దాటేసేది, నా అంతట నేను దాన్ని అంత పెద్దగా ఎన్నటికీ ఊహించుకోలేను. ఎన్నిసార్లు చూసినా కళ్ళు చెమర్చుతాయి.

ఇంతకీ నీళ్ళు తాగుతూ ఉండగా గుర్తొచ్చింది, తాత ట్రంకుపెట్టెలో ‘పాతాళభైరవి’ పాటల పుస్తకం ఉండేది. తాత పోయాక పెట్టె సర్దుతుంటే దొరికింది, అంచులన్నీ నలిగి. ఆయన ఆ సినిమా చూడకుండా ఎలా ఉంటాడు, వచ్చింది 1951లో, అప్పటికి కుర్రాడు. ఆ రోజు టీవీలో మాంత్రికుడు నోరు తెరవగానే ఈ గొంతు నాకు తెలుసే అనిపించింది, రైల్లో తాత పెట్టిన గొంతు అదే. కాబట్టి నాకు కథ చెబుతున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది రంగారావే అయ్యుండాలి. “రంగారావులా ఉంటాడే” అనేస్తే సరిపోయేది, రైలంతా వెతకక్కర్లేదు. అనలేదు. తన దగ్గరున్న మొహం దాచేసి నాకు వేరేది వెతికిపెట్టాడు. ఎందుకలా చేశాడో అడగడానికి ఇప్పుడు ఆయన లేడు. ఇన్నేళ్ళూ నేను సినిమా లాక్కుపోయిన మొహం గురించే ఏడ్చాను గానీ, అది ఇచ్చినవాడి గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

అత్తమ్మ సాయంత్రం మామూలుగా, “వ్రతం పుస్తకానికి వేసినట్టు దీనికీ ఓ అట్ట వేసెయ్యరాదూ” అన్నారు. అప్పుడు విసుక్కున్నాను, రేపు చెప్పాలి ఆవిడకి. ఒడియా పేపర్లో మొహాలేవీ లేని పేజీ వెతికితే టెండరు నోటీసుల పేజీ దొరికింది. అదే మడిచి వేసేశాను. అట్ట మీద బొమ్మ చిన్నది చూసిందో లేదో తెలియదు, అడగలేదు. “హాబిట్ అంటే ఎలా ఉంటాడమ్మా?” అంది. పుస్తకంలో ఉందిగా, చదువు అన్నాను, నోటిదాకా వచ్చింది మింగేసి.

ఇందాక దాని పక్క సర్దుతుంటే నోటుపుస్తకంలో బొమ్మ కనిపించింది. పొట్టి మనిషి, బొజ్జ, గడ్డం లేదు, పాదాల మీద ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా గీసింది, ఓపికగా. ఆకుపచ్చ లుంగీ, పసుపు బనీను. భుజాన తువ్వాలు. మా సందు చివర గుప్‌చుప్, అదే పానీపూరీ, బండి ఆయన, అచ్చు ఆయనే.

పుస్తకం దిండు పక్కనే ఉంది. పేపరు అట్ట మూల అప్పుడే చిరిగి, కత్తి మొన బయటికి కనిపిస్తోంది. పాత కేలండరు కాగితమైతే మందంగా ఉంటుంది, పొద్దున్న అది లేవకముందే మార్చాలి.