రోడ్డు మింగిన మెట్లు

బెజవాడ వన్‌టౌన్‌లో పాత ఇళ్ళు చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. కాస్త పొద్దెక్కితే షట్టర్లు లేస్తాయి, ఆటోల్లోంచి బేళ్ళు దిగుతాయి, రిక్షాలు అడ్డం పడతాయి, ఇక కళ్ళకి ఆనేవి సైన్‌బోర్డులే. షాపులు తెరవకముందు తలెత్తి నడిస్తే మేడల మీద చెక్క కటకటాలు, రంగుటద్దాల కిటికీలు, సున్నంతో తీర్చిన లతలు, పిట్టగోడ నడుమ ఇల్లు కట్టిన సంవత్సరం కనిపిస్తాయి. కింద మాత్రం చాలా ఇళ్ళకి అసలు ముఖం మిగల్లేదు. గోడ పగలగొట్టి షట్టరు పెట్టేశారు.

మా మేనత్తగారి ఇల్లు కాళేశ్వరరావు మార్కెట్‌కి కాస్త దూరంలో, అలాంటి సందులోనే ఉంది. మామయ్య పోయాక ఆవిడ ఒక్కర్తే ఉంటోంది. నేను హైదరాబాదులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. అందుకని పెద్ద బావ డాలస్ నుంచి ఫోన్ చేసి, "అమ్మ ఉండగానే ఇల్లు బాగుచేయిద్దాం, నువ్వొకసారి వెళ్ళి చూసిరా" అన్నాడు. దాంతోపాటు వాట్సాప్‌లో ఓ ఫోటో పంపాడు. నల్లగా మెరిసే చెట్టినాడు స్తంభాలు, కేరళ పెంకుల చూరు, మధ్యలో ఓ బుద్ధుడి తల. బెజవాడ ఇంటికి ఈ వేషం ఎందుకు బావా అని అడగబోయి, ముందు ఇంటి సంగతేమిటో చూద్దామని ఊరుకున్నాను. శివరాత్రితో చలి పోయింది, ఎండలింకా ముదరలేదు. వెళ్ళడానికి అదే అదను.

ఇంటి ముందు ఆటో దిగగానే అత్తయ్య గుమ్మం దగ్గరే ఆపేసింది. "ఇదివరకు నాలుగు మెట్లుండేవే అమ్మాయ్. మీ నాన్న వస్తే ఆ పై మెట్టు మీదే కూచుని పేపరు చదివేవాడు." ఇప్పుడు ఒకటిన్నర మిగిలింది. మెట్లు ఎవరూ తియ్యలేదు, రోడ్డే పైకొచ్చింది. పాత తారు చెక్కకుండా దాని మీదే కొత్త తారు, తర్వాత దాని మీద సిమెంటు రోడ్డు. వేసినప్పుడల్లా కొన్ని అంగుళాలు. మోకాలెత్తున ఉండే అరుగులు చీలమండల దాకా దిగిపోయాయి. ఎదురింటి అరుగు రోడ్డులో కలిసిపోతే దాని మీద బైకు పెట్టుకుంటున్నారు. వాన నీళ్ళు ఒకప్పుడు ఇంట్లోంచి వీధిలోకి పోయేవి, ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి వస్తున్నాయి. అందుకని ఇంటింటికీ గడప ముందు సిమెంటు కట్టలు వెలిశాయి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య దాన్ని దాటాలంటే తలుపు పట్టుకోవాలి.

పాత ఇల్లు బాగుచెయ్యడమంటే అందరూ హాల్లోంచి మొదలెడతారు. నన్నడిగితే రోడ్డు మీంచి మొదలెట్టాలి. అరుగంటే ఇంటాయన తన జాగాలోంచి వీధికి వదిలిన చోటు. దారినపోయేవాడు ఎవర్నీ అడక్కుండా కూచోవచ్చు. పార్కులు రాకముందు ఊళ్ళో జనం చేరే చోట్లు అవీ, చెరువు గట్లూ, గుడి మండపాలే. ఇంట్లో ఎన్ని లక్షలు పోసినా ఆ అరుగు మీద మళ్ళీ ఎవరైనా కూచోకపోతే ఆ బాగుచేత సగమే.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, తండ్రి దగ్గర సున్నం పని నేర్చుకున్నవాడు. టేపు తియ్యలేదు, ఫోటోలు తియ్యలేదు. తాపీ తిరగేసి పిడితో గోడ పొడుగునా తట్టుకుంటూ పోయాడు. నడుం ఎత్తు దాకా డొల్ల చప్పుడు, ఆ పైన గట్టి చప్పుడు. పైనున్నది అసలు సున్నపు పూత. కిందది, చెమ్మ వస్తోందని కొన్నేళ్ళ కిందట ఎవరో కాంట్రాక్టరు చేసిపోయిన సిమెంటు పూత. డొల్లగా ఉన్నచోట ఉలి పెట్టి లేపితే పలకలు పలకలుగా ఊడొచ్చింది. వెనకాల ఇటుక గోరుతో గీకితే రాలిపోతోంది, దాని మీద తెల్లటి నూగు. మేస్త్రి ఆ నూగు కాస్త వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పమ్మా. గోడని తినేస్తంది ఇదే."

పాత గోడలకి పునాది మీద చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలో తడి ఇటుకలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూతకి సన్నటి రంధ్రాలుంటాయి కనక ఎక్కిన తడి ఎక్కినట్టే ఆవిరైపోతుంది. దాన్ని తీసేసి సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు వెయ్యడమంటే తడి బట్టల మీద రెయిన్‌కోటు తొడగడమే. బయటికి దారి లేక తడి ఇంకా పైకి ఎగబాకుతుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు, పూత వెనకాల గడ్డకట్టి ఇటుకనే చిట్లగొడుతుంది. నేలకి పరిచే విట్రిఫైడ్ టైల్స్‌తోనూ ఇదే పేచీ. కింద దారి మూస్తే తడి గోడల వైపు మళ్ళుతుంది. అత్తయ్య ఇంట్లో పూజగదికి మాత్రం టైల్స్ వెయ్యలేదు, పాత సున్నపు గచ్చే ఉంది. ఇల్లంతటిలోకీ ఆ గది గోడలే పొడిగా ఉన్నాయి. రోడ్డు పెరగడంతో గోడ అడుగుభాగం మట్టిలో కూరుకుపోయి చెమ్మ మరీ ఎక్కువైంది. అంటే వీధిలో జరిగిన పనికి ఇంట్లో గోడ జబ్బుపడింది.

"గానుగ సున్నం దొరుకుతుందా మేస్త్రిగారూ?" అనడిగాను.

"గానుగలెక్కడమ్మా ఇప్పుడు! సున్నం మటుకు దొరుకుద్ది, పిడుగురాళ్ళ నుంచి తెప్పిద్దాం."

పల్నాడులో సున్నపురాయికి కొదవ లేదు, పిడుగురాళ్ళ బట్టీలు పేరుమోసినవి. అమరావతి స్తూపానికి శిల్పులు చెక్కిందీ పల్నాటి సున్నపురాయే. కాల్చిన రాయిని నీళ్ళలో వేస్తే కుతకుత ఉడికిపోతుంది. చల్లారాక రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత ఇసక, ఇటుక పొడి కలిపి రుబ్బాలి. పూర్వం ఎద్దు తిప్పే గానుగలో, ఇప్పుడు కరెంటు మిల్లులో. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్ళు కూడా పోసేవాళ్ళం అని మేస్త్రి ఎంతో ఇష్టంగా చెప్పాడు. సిమెంటులా ఇది రాత్రికి రాత్రి గట్టిపడదు. గాల్లోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెలలమీద మళ్ళీ రాయవుతుంది. ఒక పొర ఆరితేగాని ఇంకో పొర వెయ్యకూడదు. బావకి ఇదే పెద్ద టెన్షన్. "సెలవు పెట్టుకుని వచ్చేసరికి ఇల్లు రెడీగా ఉండాలి కదా" అంటాడు.

పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద పలచటి చిన్న ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుక కంకర, సున్నం పోసి దిమ్మిసలు కొట్టిన కప్పు. మధ్యాహ్నం దాని కింద పడుకున్నవాళ్ళకి స్లాబు ఇల్లు సయించదు. ఇంత మంచి కప్పు మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు, అదీ సరిగ్గా గది నడిమధ్యన. నిండితే టన్ను బరువు. దాని పైపు దగ్గర కారే నీళ్ళకి ఓ రావి మొక్క కూడా లేచింది. దూలాలు మధ్యలో దిట్టంగానే ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తే గోడలోకి దిగిన కొసలు మాత్రం మెత్తబడ్డాయి. చెమ్మ గోడలో ఉన్న కొసే ఎప్పుడూ ముందు పాడవుతుంది. దాని కోసం దూలం మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చిన కొస కోసేసి, పాతింటి సామాను అమ్మేవాళ్ళ దగ్గర అదే వయసు టేకు తెచ్చి అతుకు వేసి, రెండు పక్కలా ఇనుప పట్టీలు బిగిస్తే సరిపోతుంది.

సాయంత్రాలు ఊరు తిరిగాను. బందరు రోడ్డులో బాపూ మ్యూజియం ఉంది, అంటే పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి గుర్తుగా, అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్ట్ సీవెల్ శంకుస్థాపన చేసిన భవనం. అమరావతిలో తవ్వకాలు చేయించిన సీవెలే ఈయన. ఈ మ్యూజియాన్ని బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. లోపల అల్లూరు నుంచి తెచ్చిన బుద్ధుడి విగ్రహం ముందు అందరూ ఆగుతారు. నేను వరండాలో ఎక్కువసేపు నిలబడ్డాను. బయట బందరు రోడ్డు హోరు, లోపల దట్టమైన గోడల చల్లదనం, రెండింటికీ మధ్య ఆ నీడ. ఊళ్ళో ఆఫీసులన్నీ అలాంటి వరండా ఒకటి రోడ్డు వైపు వదిలితే బస్సు కోసం నిలబడేవాళ్ళకి గొడుగు అక్కర్లేదు.

అక్కణ్ణించి స్వరాజ్య మైదానం. పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్స్. 2024 జనవరిలో అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు, 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం. పిల్లల్ని భుజాన వేసుకుని దూరం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు దాని ముందు ఫోటోలు దిగుతుంటే ముచ్చటేసింది. ఇదే నేల మీద ఏళ్ళ తరబడి పుస్తకాల పండగ, ఎగ్జిబిషన్లు, సభలు జరిగేవి. దుమ్ము మైదానానికి ఉన్న సుగుణం అది, దేనికైనా పనికొస్తుంది. తీర్చిదిద్దిన చోటు చూడ్డానికి బాగుంటుంది గానీ ఒక్క పనికే కట్టుబడిపోతుంది. బండలు పరిచిన ఆవరణల్లో మధ్యాహ్నం మనుషులుండాలంటే ముందు చెట్లు పెరగాలి. కాలవల సంగతి ఇంకో రకం. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊళ్ళోంచే పారతాయి. చెత్త వెయ్యకుండా గట్ల వెంట కంచెలు కట్టారు. చెత్త వేసేవాళ్ళకి కంచె అడ్డం కాలేదు, కూచునేవాళ్ళకే అయింది.

గుంటూరు బస్సు వారధి మీద ఉండగా కృష్ణలంక గోడ కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఏటి పక్కనున్న కృష్ణలంకని ఆ గోడే కాపాడింది. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు మునిగింది. గోడ పక్కన ఇప్పుడు పార్కు ఉంది, జనం నడుస్తుంటారు. ఒకే ఖర్చుతో రక్షణా, షికారూ. ఇలాంటివాటికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

గుంటూరు వెళ్ళింది బ్రాడీపేటలో ఓ డాక్టరుగారి పళ్ళ క్లినిక్ చూడ్డానికి. అక్కడ చిరునామా అంటే లైను నంబరూ, అడ్డరోడ్డు నంబరూ. దారి తప్పమన్నా తప్పలేం. చుట్టూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో ఈ పెంకుటిల్లు. డాక్టరుగారి తాతగారు కట్టిందట. మండువా, అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని చుట్టూ బెంచీలు వేసి అదే వెయిటింగ్ హాలు చేశారు. మా అత్తయ్య మండువాకి పావురాల బెడదని ప్లాస్టిక్ రేకు కప్పారు, ఇల్లు ఉడికిపోతోంది. ఇక్కడ సన్నటి వల కట్టారు. పావురం రాదు, వేడిగాలి పైకి పోతుంది. వీల్‌చెయిర్ కోసం చేసిన వాలుబల్ల మరీ నచ్చింది. మెట్లు పగలగొట్టలేదు, వాటి మీద చెక్క బల్ల ఆనించారంతే. "రేపు మా అబ్బాయి మళ్ళీ ఇల్లుగా మార్చుకుంటానంటే ఒక్క పూటలో తీసెయ్యొచ్చమ్మా" అన్నారు డాక్టరుగారు. పాత కట్టడాల విషయంలో ఆస్ట్రేలియావాళ్ళు 1979లో రాసుకున్న బర్రా చార్టర్ చెప్పేదీ అదే. అవసరమైనంతే మార్చాలి, వీలైనంత తక్కువ మార్చాలి. ఇక బయట అరుగు మీద, క్లినిక్‌తో సంబంధం లేని ఇద్దరు పెద్దాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరూ లేవమనలేదు.

తిరుగు దారిలో జిన్నా టవర్ మీదుగా వచ్చాను. ఆరు స్తంభాల మీద గుమ్మటం, 2022లో వేసిన మూడు రంగులు. పేరు గురించి ఊరంతా వాదించుకున్నారు. దాని దగ్గరికి వెళ్ళాలంటే ట్రాఫిక్ దాటాలి కాబట్టి నిలబడి చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

వన్‌టౌన్ చేరాక బావతో వీడియో కాల్‌లో కూచున్నాం. జాకీలు పెట్టి ఇల్లు లేపేవాళ్ళున్నారు కదా అన్నాడు. బీములున్న కొత్త ఇళ్ళ సంగతి వేరు. సున్నంతో కట్టిన పాత గోడల్ని లేపడానికి నేను ఒప్పుకోలేదు. నేల ఎత్తు పెంచితే గుమ్మాలు పొట్టివైపోతాయి. చివరికి అనుకున్నది ఇదీ: గడప ముందు కట్ట తీసేసి మన హద్దులోనే జాలీ మూతతో కాలవ, పాత అరుగు మీద సున్నంతో ఇంకో రెండు వరసల ఇటుక. వచ్చేసారి రోడ్డు వేసేముందు పాత పొర చెక్కి తియ్యమని వార్డు సచివాలయంలో అర్జీ. వీధిలో సంతకాలు అత్తయ్యే తిరిగి పెట్టించింది. మూడిళ్ళ వాళ్ళు తప్ప అందరూ పెట్టారు.

ట్యాంకు మర్నాడే గోడ మీదికి మార్పించాం. వానలు పడేలోగా పైకప్పు పూర్తి చేస్తానని మేస్త్రి మాటిచ్చాడు. సిమెంటు పూత ఈ ఎండల్లో ఊడదీసి గోడల్ని అలాగే ఆరనివ్వాలి, సున్నం పని దసరా తర్వాతే. అప్పటిదాకా గోడలు బోసిగా ఉంటాయి, చుట్టాలెవరైనా వస్తే ఏమనుకుంటారోనని అత్తయ్యకి అదొక్కటే బెంగ.