గోల్కొండ గచ్చు మీద పేర్లు గీకితే

యజమాని ఒప్పుకున్న గోడ మీద స్ప్రే బొమ్మ వేస్తే అది కళే. గోల్కొండలో తాళంచెవితో గీకిన పేరు మాత్రం ముమ్మాటికీ నేరం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

పాత సున్నపు గచ్చుకు పైపొరే కవచం. అది చిట్లితే గీతలోంచి వాన నీరు దిగి, చుట్టూ పెచ్చులూడుతుంది. సిమెంటుతో పూడిస్తే ఇంకా ఘోరం: అది తేమను బయటికి పోనివ్వదు, పక్కనున్న సున్నం ఉప్పుబట్టి రాలిపోతుంది. యాసిడ్ పోస్తే సున్నమే కరిగిపోతుంది.

నిపుణులైతే గీతను దులిపి, తడిపి, బాగా నానిన సున్నం ఒక పాలు, సన్నని ఇసుక మూడు పాళ్లు కలిపి పలచగా మెత్తుతారు. కొన్ని రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. తొందరగా ఆరితే బీటలిస్తుంది. ఆలస్యం అసలు పనికిరాదు, ఒక పేరు కనిపిస్తే పక్కన మరొకటి చేరుతుంది. ఇంత చేసినా పాత గచ్చు నునుపు తిరిగి రాదు.