అద్దం వెనక ఆవేశం

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మనకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ఫిజిక్సు పుస్తకంలో ఇంగ్లీషు. లోహం వెనక ఊహించుకునే ప్రతిబింబ ఆవేశాల పాఠం మాత్రం బోర్డు మీద ఒక్క సుద్దగీతతో మొదలయ్యేది. గీతకు కుడివైపు ధనావేశం, ఎడమవైపంతా ఏటవాలు గీతలు. ఆ గీతలున్న చోట మన జవాబు చెల్లదని అర్థం. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ బొమ్మ వేయగానే ముందు ఆ ఏటవాలు గీతలు గీయండి. ఈ పాఠంలో పెద్ద తప్పులు అవి మరిచిపోతేనే వస్తాయి.

ఈ ఉపాయం 1840ల్లో విలియం థామ్సన్ కనిపెట్టినది. లార్డ్ కెల్విన్ అంటే ఆయనే. ఎర్త్ చేసిన లోహపు పలక ముందు ఆవేశం ఉంటే, పలక తీసేసి వెనక అంతే దూరంలో అంతే రుణావేశం పెడతాం. పలక ఉన్న చోట పొటెన్షియల్ సున్నాగానే ఉంది, ముందున్న ఆవేశం మారలేదు. హద్దు షరతులకు, అంటే పలక దగ్గర పొటెన్షియల్ ఎంతుండాలన్న నియమానికి, కుదిరే జవాబు ఒక్కటే కాబట్టి అదే అసలు జవాబు.

10 నానోకూలుంబుల ఆవేశం, పలకకు 5 సెం.మీ. దూరం అనుకోండి. ప్రతిబింబానికి 10 సెం.మీ.; ఆకర్షణ 9×10⁻⁵ న్యూటన్లు. ఇంతవరకు అందరికీ వస్తుంది. ఆవేశాన్ని అనంత దూరానికి లాగే పనెంత అని అడిగితే చాలామంది రెండు నిజమైన ఆవేశాల సూత్రం వాడి 9 మైక్రోజౌళ్ళు రాసేస్తారు. సరైనది 4.5. మనం లాగుతుంటే ప్రతిబింబం తనంతట తనే వెనక్కి జరుగుతుంది, దానికి మన పని అక్కర్లేదు. లోహం వైపు క్షేత్రమే లేదు గనుక సగం శక్తి లెక్కలోకి రాదు. అనుమానముంటే బలాన్ని సమాకలనం చేసి చూడండి.

పలక మీద చేరే ప్రేరిత ఆవేశంలో సగం 8.7 సెం.మీ. వ్యాసార్థంలో, అంటే దూరానికి 1.73 రెట్లలో ఉంటుంది. మిగతా సగం అవతలే. అరచేయంత రేకును అనంత తలం అనుకోకూడదు.

పలక బదులు ఎర్త్ చేసిన లోహపు గోళముంటే దూరం దాని కేంద్రం నుంచి కొలవాలి. వ్యాసార్థం 10, దూరం 20 సెం.మీ. అయితే ప్రతిబింబం అసలు ఆవేశంలో సగమంత రుణావేశం, కేంద్రానికి 5 సెం.మీ.లో. ఎర్త్ లేని తటస్థ గోళమైతే కేంద్రంలో అంతే ధనావేశం కూడా పెట్టాలి. రెండు పలకలు 90 డిగ్రీల్లో ఉంటే మూడు ప్రతిబింబాలు, 60లో ఐదు. 120లో ఈ పద్ధతి సాగదు, ప్రతిబింబం అసలు ఆవేశమున్న చోటులోకే వచ్చిపడుతుంది.

మహేంద్రగిరి మీద కమ్మే వైశాఖ మబ్బుకూ ఇదే లెక్క. నేలకు 5 కి.మీ. ఎత్తున 20 కూలుంబుల రుణావేశముంటే, సరిగ్గా కింద దాని వల్ల క్షేత్రం మీటరుకు 7,200 వోల్టులు. నేల వాహకం, కనుక ప్రతిబింబమూ అదే దిశలో కలిసి 14,400. మబ్బు పైభాగంలోని ధనావేశాన్నీ, దాని ప్రతిబింబాన్నీ కలుపుకుంటే ఈ అంకె తగ్గుతుంది.