డిప్లొమా చేతిలో ఉన్నా టెన్త్ మెమో మీద చేరమన్నారు: అప్రెంటిస్‌షిప్‌లో నా అనుభవం

మొన్న సోమవారం నా అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్ట్ ప్రభుత్వ పోర్టల్‌లో అప్రూవ్ అయింది. టెక్నీషియన్ అప్రెంటిస్, మెకానికల్, ఒక సంవత్సరం. ఈ ఒక్క లైను నా పేరు పక్కన సరిగ్గా పడటానికి మా నాన్నా నేనూ ఎంత తిరిగామో మాకే తెలుసు. కోపం చల్లారకముందే రాసేయాలనిపించింది. మా బ్యాచ్‌లో చాలామంది ఇప్పటికీ అప్రెంటిస్‌షిప్ అంటే అంతా ఒకటే అనుకుంటున్నారు, కొన్ని కంపెనీలకు కావలసిందీ అదే.

మాది గుంటూరు జిల్లా. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. క్లాసులో అమ్మాయిలం చాలా తక్కువమందిమి, అయినా డిస్టింక్షన్‌లో పాసయ్యాను, లేత్ మెషీన్ మీద ఏదైనా భాగం చేసి చూపించాలంటే వర్క్‌షాప్ సార్ ముందు నన్నే పిలిచేవారు. ఇది గొప్పకే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది చదివితే మీకూ మండుతుంది.

విజయవాడ దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌లను తీసుకుంటున్నారని తెలిసి నాన్నతో కలిసి వెళ్లాను. ముందు షాప్ ఫ్లోర్‌లో, అంటే మెషీన్లుండే చోట, ఇంటర్వ్యూ. అక్కడి ఇన్‌ఛార్జి మంచి మనిషి. చేతికి మైక్రోమీటర్ ఇచ్చి ఒక షాఫ్ట్ కొలిపించారు, లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) అడిగారు, 0.01 మిల్లీమీటర్ అని చెప్పి రీడింగ్ కూడా చదివాను. డ్రాయింగ్ ఒకటి ముందు పెట్టి టాలరెన్సులు అడిగారు, అవీ చెప్పాను. "బాగుందమ్మా, హెచ్ఆర్ దగ్గరికి వెళ్లు" అన్నారు. అక్కడిదాకా అంతా సాఫీగానే జరిగింది.

హెచ్ఆర్ గదిలో టేబుల్ మీద ఫారం సిద్ధంగా ఉంది. నా పేరు, నాన్న పేరు రాసేసి ఉన్నాయి. 'అర్హత' అన్న గడిలో పెన్సిల్‌తో 'ఎస్ఎస్‌సి' అని రాసి ఉంది. స్టైపెండ్ దగ్గర 6000. పొరపాటున అలా రాశారనుకుని, "సార్, నాది డిప్లొమా" అన్నాను.

"తెలుసమ్మా. డిప్లొమా మీద మేం తీసుకోం. టెన్త్ మెమో ఒక్కటి అప్‌లోడ్ చెయ్యి చాలు, రేపటి నుంచే వచ్చేయొచ్చు."

"మరి నా డిప్లొమా సార్?"

"ఎక్కడికి పోతుంది, మీ ఇంట్లోనే ఉంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చావా, కాగితాలు చూసుకోవడానికి వచ్చావా?"

వెనక బెంచీ మీద వరసగా కూర్చున్న అబ్బాయిలు నవ్వారు. నేను ఇంకో మాట అడగబోతే ఆయన నన్ను వదిలేసి నాన్న వైపు తిరిగి, "ఏమండీ, మీరైనా నచ్చజెప్పండి. ఆడపిల్లని షాప్ ఫ్లోర్ మీదకి తీసుకోవడమే ఎక్కువ, పైగా ఇన్ని ప్రశ్నలా?" అన్నాడు. మా నాన్న ఒక కొట్లో గుమస్తా. ఆయనకీ ఆ కాగితాల సంగతి తెలియదు. నా సీటు పోతుందన్న భయంతో చేతులు జోడించి "కాస్త చూడండి సార్" అన్నారు. నాకు ఒళ్లంతా వేడెక్కిపోయింది. ఇంటర్వ్యూ ఇచ్చింది నేను, మైక్రోమీటర్ చదివింది నేను, సంతకం పెట్టాల్సింది నేను, మాట మాత్రం నాన్నతోనట. ఫైలు తీసుకుని "మేం ఆలోచించుకుని చెప్తాం సార్" అని లేచాను. "ఆలోచించుకో, నీలాంటి వాళ్లు బయట యాభైమంది ఉన్నారు" అన్న మాట తలుపు దాకా వెంటపడింది.

బస్సులో నాన్న అన్నారు, "ఆరువేలైతే ఏమైందమ్మా, పని నేర్చుకుంటావుగా" అని. అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇప్పుడుంది, అదే ఇక్కడ రాస్తున్నాను.

1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ ఒకటే అయినా దాని కింద మెట్లు చాలా ఉన్నాయి. ఐటీఐ చేయకుండా టెన్త్‌తోనే వచ్చినవాళ్లు ఫ్రెషర్లు, వాళ్లకి ముందు బేసిక్ ట్రైనింగ్ ఇచ్చి తర్వాత పనిలో పెడతారు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి ట్రేడ్‌లలో ఐటీఐ పాసైనవాళ్లు ట్రేడ్ అప్రెంటిస్‌లు, వాళ్లకి ఆ బేసిక్ ట్రైనింగ్ అక్కర్లేదు. ఒకేషనల్ ఇంటర్ చేసినవాళ్లది టెక్నీషియన్ ఒకేషనల్ కేటగిరీ. మా వీధిలో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ కోర్సు) చేసిన అమ్మాయి ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ఏడాది చేసింది చూడండి, అదే. డిప్లొమా అయితే టెక్నీషియన్ అప్రెంటిస్, డిగ్రీ గానీ బీటెక్ గానీ అయితే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్. ఇవి కాక ఆప్షనల్ ట్రేడ్ అని ఇంకోటుంది, కంపెనీయే కోర్సు తయారు చేసుకుని నడుపుకుంటుంది. నాకు అంటగట్టబోయింది అదే. అందులో మంచి కోర్సులు లేవని కాదు, కానీ మీ చదువుకు తగ్గ మెట్టు ఏదో తెలియకుండా దాంట్లో దిగకండి.

2019లో సవరించిన రూల్స్‌లో కనీస స్టైపెండ్ టెన్త్‌కి నెలకి 6000, ఐటీఐకి 7000, డిప్లొమాకి 8000, డిగ్రీకి 9000 అని పెట్టారు. ఆ రూల్స్ ప్రకారం డిప్లొమా ఏ బ్రాంచ్ అయినా సరే 8000 కిందకి రాకూడదు. అందుకే టెన్త్ మెమో అడుగుతారు! డిప్లొమా ఎక్కిస్తే 8000 ఇవ్వాలి, టెన్త్ ఎక్కిస్తే 6000తో సరి. పైగా నాప్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీం) కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1500 మించకుండా, ప్రభుత్వమే భరిస్తుంది. డిప్లొమా చదివిన పనిమంతురాలు టెన్త్ రేటుకి దొరికితే ఎవరికి చేదు?

నెలకి రెండు వేల సంగతి ఒకటే కాదు. ఒకసారి కాంట్రాక్ట్ రిజిస్టర్ అయిందంటే మీరు అప్రెంటిస్‌షిప్ చేసేసినట్టే లెక్క. ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లు తెరిచి చూడండి, ఇంతకుముందు ఎక్కడైనా అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు అనర్హులు అని ఉంటుంది. నేను ఆ రోజు టెన్త్ మీద సంతకం పెట్టి ఉంటే రేపు డిప్లొమా మీద పెద్ద సంస్థలో అవకాశం వచ్చినా తలుపు మూసుకునేది. నాన్నకి ఈ ముక్క అర్థమయ్యాక ఆయనే "మంచిపని చేశావు లేచి వచ్చి" అన్నారు.

ఈ సంగతులు తెలిసినంత తేలిగ్గా దారి దొరకలేదు. ముందు మా దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లాం, అప్రెంటిస్‌షిప్ వ్యవహారాలు అక్కడే చూస్తారని ఎవరో చెప్తే. సీట్లో ఉన్నాయన తలెత్తకుండానే "డిప్లొమా వాళ్లది మాకు రాదు, మీది చెన్నై" అన్నారు. గుంటూరులో చదివిన పిల్లకి చెన్నై ఏమిటో ఆయన చెప్పలేదు, మళ్లీ అడిగితే విసుక్కున్నారు. ఆయన చెప్పింది నిజమేనని తర్వాత తెలిసింది. ట్రేడ్, ఆప్షనల్ ట్రేడ్ కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ కింద ఉంటే, గ్రాడ్యుయేట్, టెక్నీషియన్, ఒకేషనల్ మాత్రం కేంద్ర విద్యాశాఖ కింద ఉంటాయి. దక్షిణాది రాష్ట్రాలకి దాని బోర్డు చెన్నైలో ఉంది, బోట్ (బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్) అంటారు. పోర్టల్ కూడా వేరు. మొదటిదానికి అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్, రెండోదానికి నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీం) పోర్టల్. ఈ రెండు ముక్కలు ఒక తెల్లకాగితం మీద రాసి గోడకి అంటిస్తే ఎంతమంది పిల్లలకి బస్సు ఛార్జీలు మిగులుతాయో! ఆ గోడ మీద నాకు కనిపించింది పోయినేడాది హాలిడే లిస్టు.

దారి చూపించింది మా కాలేజీ ప్లేస్‌మెంట్ సారే. ఫోన్ చేస్తే ఎత్తారు, అంతా విని "నాట్స్‌లో ఎన్‌రోల్ అవు, పాలిటెక్నిక్‌లో మేళా పెడుతున్నారు, సర్టిఫికెట్లు పట్టుకుని రా" అన్నారు. ఎన్‌రోల్‌మెంట్ ఒక సాయంత్రం పని, ఆధార్, మార్కుల మెమోలు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఖాతాకి ఆధార్ లింకై ఉండాలి, ప్రభుత్వ వాటా నేరుగా అందులోకే వస్తుంది. మేళాలో మార్కులు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి, నన్ను తీసుకున్నారు. ఇక్కడి హెచ్ఆర్ మేడమ్ ఫారం నా వైపు తిప్పి "చదువుకుని సంతకం పెట్టమ్మా" అన్నారు. అర్హత గడిలో 'డిప్లొమా ఇన్ మెకానికల్ ఇంజనీరింగ్' అని పూర్తిగా ఉంది. ఏడాది పూర్తయ్యాక బోర్డు నుంచి ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ వస్తుంది.

నాకు కాలేజీల మీద కూడా కోపం ఉంది. మూడేళ్లు థర్మోడైనమిక్స్ చెప్పినవాళ్లు ఫైనల్ ఇయర్‌లో ఒక్క గంట ఈ మెట్ల గురించి చెప్పలేరా? క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన నలుగురి ఫ్లెక్సీ గేటుకి కడతారు, మిగిలినవాళ్లు ఏ కంపెనీ గేటు దగ్గర ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో ఎవరూ అడగరు. పిల్లల అజ్ఞానం మీద డబ్బు మిగుల్చుకోవడం తప్పు, ఆ అజ్ఞానాన్ని అలాగే ఉంచడం ఇంకా తప్పు.

చేరబోయేవాళ్లు మొహమాటపడకుండా అడగండి: ఏ పోర్టల్, ఏ కేటగిరీ, ఏ అర్హత మీద నమోదు చేస్తున్నారు, కాంట్రాక్ట్ కాపీ ఎప్పుడిస్తారు. ఊరికే 'ట్రైనీ' అని లెటర్ ఇచ్చి కాంట్రాక్ట్ నంబర్ లేదంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు. చేర్పిస్తామని డబ్బులడిగితే అక్కణ్ణుంచే వెనక్కి తిరగండి, ఈ రెండు పోర్టల్స్‌లోనూ రిజిస్ట్రేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. ఏడాది చివర ఉద్యోగం ఖాయమని ఎవరన్నా చెప్తే నమ్మకండి, అప్రెంటిస్‌ని ఉద్యోగంలోకి తీసుకునే బాధ్యత సంస్థకి ఉందని చట్టం చెప్పదు. ఆడపిల్లలైతే ఇంకోటి. నాన్నతో మాట్లాడతామంటే "సంతకం నాది సార్, నాతో మాట్లాడండి" అనండి. నేను ఆ రోజు అనలేదు గానీ ఇప్పుడైతే అంటాను.

ఇక మా తమ్ముడి వంతు. వాడు ఐటీఐ ఫిట్టర్, వాడికి నా పోర్టల్ పనికిరాదు. వాడి కన్ను దక్షిణమధ్య రైల్వే మీద ఉంది. అక్కడ యాక్ట్ అప్రెంటిస్‌లకి, అంటే ఈ చట్టం కింద చేరేవాళ్లకి, రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీసి మెరిట్ లిస్టు వేస్తారు. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు కూడా ఉంది, అందుకే ఐటీఐ పిల్లలంతా దానికోసం కాచుకుని ఉంటారు. వాడి టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. ఈ శనివారం ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తున్నాను, నోటిఫికేషన్ పడేలోపు అది సరి కావాలి.